ప్రాజెక్టు డైరీ: ఒక ఫిడేలు టీచరు, ఏడు ఊళ్ల గడియారాలు

విజయనగరంలో మా పెద్దమ్మ ఫిడేలు నేర్పుతుంది. తను నేర్చుకున్నదీ ఇక్కడే, 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాలలో. ఇప్పుడు ఇంటికొచ్చి నేర్చుకునే పిల్లలు నలుగురే. మిగతావాళ్లంతా ఫోన్‌లోనే: డాలస్‌లో నలుగురు, న్యూజెర్సీలో ముగ్గురు, లండన్‌లో ముగ్గురు, సిడ్నీలో ఇద్దరు, దుబాయ్‌లో ఇద్దరు. ఏప్రిల్‌లో ఫీనిక్స్ నుంచి ఒక బాబు చేరాడు. మొత్తం 19 మంది, ఒక్కొక్కరికి వారానికి ఒక క్లాసు.

2025 జనవరిలో పెద్దమ్మ టైమ్‌టేబులు చూసుకోవడానికి, క్లాసుకి 15 నిమిషాల ముందు ఇటూ అటూ మెసేజ్ పంపడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. మొదలైన ముచ్చట వదిలేస్తున్నాను. ఎక్కడ విరిగింది, ఏం మార్చాను, ఎందుకు మార్చాను, అదే రాస్తాను. ఇలా ఇంట్లో కూర్చుని విదేశాల్లో పిల్లలకి పాఠాలు చెప్పేవాళ్లు మా వీధి చుట్టుపక్కలే అరడజను మంది నాకు తెలుసు. వాళ్లలో ఎవరి కొడుకో కూతురో ఇలాంటిదే కట్టడానికి కూర్చుంటే మేం పోగొట్టుకున్న క్లాసులు వాళ్లు పోగొట్టుకోనక్కర్లేదు.

వాడినవి: పైథాన్ 3.11 (ప్రోగ్రాం రాసిన భాష), ఎస్‌క్యూలైట్ (టేబుళ్లు దాచుకునే చిన్న డేటాబేస్), టెలిగ్రామ్ బాట్ (తనంతట తానే మెసేజ్‌లు పంపే ఖాతా), నెలవారీ అద్దెకి ఒక చిన్న ఉబుంటు సర్వర్, ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్.

దశ 1: తేడాని అంకెగా దాచిపెట్టడం (మార్చి 10, 11)

మొదటి టేబుల్లో ప్రతి విద్యార్థి పక్కన ఒక అంకె రాశాను. యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి ఆధారంగా పెట్టుకున్న ఒకే సమయం) నుంచి ఎన్ని గంటల తేడా, అంతే. డాలస్ మైనస్ 6, న్యూజెర్సీ మైనస్ 5, లండన్ 0, దుబాయ్ 4, సిడ్నీ 11. జనవరి, ఫిబ్రవరి రెండు నెలలూ ఒక్క మెసేజ్ తప్పలేదు. డేలైట్ సేవింగ్, అంటే కొన్ని దేశాల్లో వేసవి నెలలకి గడియారం గంట ముందుకి జరపడం, ఆ సంగతి నాకు తెలియక కాదు. మార్చి వచ్చినప్పుడు అంకె మార్చుకోవచ్చని అనుకున్నాను. మార్చి వచ్చింది, ఎవరికీ గుర్తులేదు.

2007 నుంచీ అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. ఈ ఏడు అది మార్చి 9. ఆ మర్నాడు సోమవారం పొద్దున్న 6:15కి పెద్దమ్మకి మెసేజ్ వెళ్లింది. చాప పరిచి, పంచదార డబ్బాకి ఫోన్ ఆనించి, నాలుగు తీగలూ శ్రుతి చేసుకుని, 6:30కి కాల్ చేసింది. ఎత్తలేదు. పిల్ల మర్చిపోయిందనుకుంది. మంగళవారం ఇంకో డాలస్ ఇంట్లోనూ అంతే అయ్యాక ఆ తల్లికి ఫోన్ చేసింది. "టీచర్ గారూ, ఏడింటికి కూర్చున్నాం, ఏడున్నర దాకా మీ కోసం చూశాం, తర్వాత పాప పడుకుంది" అన్నారావిడ. వాళ్ల సాయంత్రం ఏడు అంటే మనకి ఇప్పుడు 5:30, 6:30 కాదు.

పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "అరగంట కూర్చుందే ఆ పిల్ల, కమాను పట్టుకుని" అంది. ఆ రాత్రే మళ్లీ కూర్చున్నాను.

ఆ వారానికి చేత్తో చేసినవి:
1. డాలస్, న్యూజెర్సీ అంకెలు ఒక్కో గంట పెంచాను.
2. ఏడు ఇళ్లకీ విడివిడిగా మెసేజ్ పెట్టాను.
3. అంకె అన్న గడినే తీసేయాలని నిర్ణయించాను. అంకె ఒక రోజుకి మాత్రమే నిజం. నిజంగా దాచుకోవాల్సింది ఊరి నియమాల పేరు.

ఇప్పటిదాకా: పని 6 గంటలు. తప్పిన క్లాసులు 2. రాసిన టెస్టులు (ప్రోగ్రాం సరిగ్గా నడుస్తోందా అని చూసే చిన్న కోడ్‌లు) 0.

దశ 2: 23 నిమిషాల తప్పు (మార్చి 12)

టైమ్ జోన్ల డేటాబేస్ ఒకటుంది. 1980ల్లో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టాడు, 2011 నుంచి ఐయానా అనే సంస్థ కింద నడుస్తోంది. మన ఫోన్లూ సర్వర్లూ చాలావరకు దాన్నే చూసుకుంటాయి. అందులో జోన్లకి పెద్ద ఊళ్ల పేర్లుంటాయి: ఏషియా/కోల్‌కతా, అమెరికా/షికాగో, యూరప్/లండన్. డాలస్ షికాగో కిందకి వస్తుంది. స్క్రీన్ మీద "షికాగో" అని చూసి ఒక తండ్రి "మేం అక్కడ లేమండీ" అని రాశారు కూడా. అప్పట్నుంచి తల్లిదండ్రులకి కనిపించే చోట వాళ్ల ఊరి పేరే పెడుతున్నాను, జోన్ పేరు లోపలే ఉంటుంది.

నెట్‌లో దొరికిన పాత ఉదాహరణ చూసి పైటిజెడ్ అనే లైబ్రరీ (వేరేవాళ్లు ముందే రాసిపెట్టిన కోడ్) వాడాను. తేదీ కట్టేటప్పుడే జోన్‌ని బ్రాకెట్లలో ఇచ్చేశాను. పరీక్షగా మన బుధవారం పొద్దున్న 6:30 ఇచ్చి చూస్తే డాలస్‌కి ఇలా వెళ్లింది: "మీ క్లాసు రాత్రి 7:37కి." రావాల్సింది 8:00. ఎక్కడా గంట తేడా లేదు, 23 నిమిషాల తేడా. ఇలాంటి తప్పు నేనెప్పుడూ చూడలేదు.

లోపలి విలువ అచ్చు వేయిస్తే కారణం తెలిసింది. మన జోన్ తేడా 5:30 అని రావాల్సింది 5:53 అని వస్తోంది. డేటాబేస్‌లో కోల్‌కతా కింద ఉన్న మొదటి వరుస 5 గంటల 53 నిమిషాల 28 సెకన్లు. అది రైళ్లూ తంతీలూ అన్ని ఊళ్లనీ ఒక్క గడియారానికి కట్టకముందు, కలకత్తా సూర్యుడిని బట్టి నడిచిన టైమ్. పైటిజెడ్‌కి జోన్‌ని అలా నేరుగా ఇస్తే అది తేదీ చూడదు, మొదటి వరుసనే అంటిస్తుంది. లోకలైజ్ అనే పద్ధతిలో ఇస్తేనే తేదీని బట్టి సరైన వరుస తీసుకుంటుంది.

ఆ వరుసలన్నీ చదువుతూ చాలాసేపు ఉండిపోయాను. 5:53 తర్వాత మద్రాసు టైమ్ 5:21:10. తర్వాత 1906 జనవరి 1 నుంచి 5:30. ఆపైన యుద్ధకాలంలో, 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా, 6:30. అంటే మన గడియారాలూ గంట ముందుకి జరిగిన రోజులున్నాయి. 5:30 లెక్క 82.5 డిగ్రీల రేఖాంశానిది. విజయనగరం దాదాపు 83.4 మీద ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున చూస్తే మన సూర్యుడు మన గడియారం కంటే మూడున్నర నిమిషాలు ముందుంటాడు. గంట స్తంభం దగ్గర నిలబడి ఎన్నిసార్లు వాచీ సరిచేసుకున్నానో, ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

అదే తప్పు మిగతా ఊళ్లకి ఎంత వస్తుందో కొలిచాను:
1. కోల్‌కతా: 5:30 బదులు 5:53
2. షికాగో: మైనస్ 6:00 బదులు మైనస్ 5:51
3. న్యూయార్క్: మైనస్ 5:00 బదులు మైనస్ 4:56
4. లండన్: 0 బదులు మైనస్ 0:01

అన్నిటికంటే ప్రమాదం లండన్‌ది. ఒక్క నిమిషం తేడా ఎవరి కంటా పడదు. ఏళ్లతరబడి అలాగే కూర్చుంటుంది.

మార్పు: పైటిజెడ్ తీసేసి, పైథాన్ 3.9 నుంచి దాంతోనే వచ్చే జోన్‌ఇన్ఫో పెట్టాను. ఇందులో జోన్‌ని నేరుగా ఇచ్చినా తేదీని బట్టే చూసుకుంటుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో వెంటనే "ఈ జోన్ లేదు" అంది, ఎందుకంటే విండోస్‌లో ఆ డేటాబేస్ ఉండదు. పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు తెచ్చి వేసే సాధనం) టీజెడ్‌డేటా ప్యాకేజీ వేస్తే సరిపోయింది. ఇక్కడో విషయం గుర్తుపెట్టుకోండి: జోన్‌ఇన్ఫో ముందు సిస్టమ్ డేటాబేస్‌ని వెతుకుతుంది, అది లేకపోతేనే ప్యాకేజీని చూస్తుంది. కాబట్టి సర్వర్‌లో ప్యాకేజీ ఒక్కటే కొత్తది చేసి ఊరుకుంటే పాత నియమాలే నడుస్తాయి. సిస్టమ్‌లో టీజెడ్‌డేటాని కూడా అప్‌డేట్ చెయ్యాలి.

ఇప్పటిదాకా: పని 10 గంటలు. తప్పిన క్లాసులు 2. తప్పు మెసేజ్‌లు 1. టెస్టులు 4 (పై నాలుగు ఊళ్లవి).

దశ 3: ఏడు రోజులు కలపడం (మార్చి 30)

"అన్నీ యూటీసీలో దాచుకో" అని ప్రోగ్రామర్లందరూ చెప్పే మాట. నేనూ అదే చేశాను. ఒక్కో విద్యార్థి మొదటి క్లాసుని యూటీసీలోకి మార్చి, దానికి ఏడేసి రోజులు కలుపుకుంటూ ఏడాది క్లాసులన్నీ టేబుల్లో నింపేశాను. అమెరికా వాళ్లు అప్పటికే మారిపోయారు కాబట్టి నవంబర్ దాకా బెంగ లేదనిపించింది. లండన్ సంగతి చూడలేదు. గ్రీనిచ్ ఉన్నది లండన్‌లోనే కదా, అక్కడ తేడా ఎప్పుడూ సున్నాయే అన్న నమ్మకం బుర్రలో ఎక్కడో ఉండిపోయింది.

బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ మార్చి చివరి ఆదివారం మారుతుంది. ఈ ఏడు మార్చి 30. అదే రోజు ఉగాది. లండన్ పాపకి ఆ మంచి రోజున మొదటి వర్ణం ఎత్తుకుందామని పెద్దమ్మ నెల ముందే చెప్పింది. వాళ్ల ఆదివారం పొద్దున్న 10 గంటల క్లాసు. ముందు వారం అది మనకి మధ్యాహ్నం 3:30. మార్చి 30న 2:30. ప్రోగ్రాం ఏడు రోజులు కలిపి 3:30 అనే చెప్పింది. పెద్దమ్మ బొబ్బట్లు పక్కన పెట్టి, పట్టుచీర కట్టుకుని కూర్చునేసరికి వాళ్లు ఎవరింటికో పుట్టినరోజుకి బయల్దేరిపోయారు. వర్ణం తర్వాతి వారం మొదలైంది. ఈ ఒక్క క్లాసు గురించి నాకు ఇప్పటికీ బాధే.

యూటీసీలో ఏడు రోజులు అంటే సరిగ్గా 168 గంటలు. లండన్‌లో ఆ ఆదివారం నుంచి ఆదివారానికి 10 నుంచి 10కి 167 గంటలే. "ప్రతి ఆదివారం పదింటికి" అన్న మాట గంటలు కలిపితే రాదు. అది వాళ్ల గోడ మీది గడియారానికి సంబంధించిన మాట.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏడాది ముందే లెక్కకట్టి దాచితే, మధ్యలో ఏదైనా ప్రభుత్వం నియమం మార్చితే అవన్నీ తప్పుతాయి. ఇది ఊరికే చెప్పే భయం కాదు. మెక్సికో 2022లో చాలా ప్రాంతాల్లో డేలైట్ సేవింగ్ మానేసింది. జోర్డాన్, సిరియా కూడా అదే ఏడు గడియారం తిప్పడం ఆపేశాయి. ఈజిప్టు 2023లో మళ్లీ తెచ్చింది. అదే ఏడు మార్చిలో లెబనాన్‌లో గడియారం మార్చడం రంజాన్ అయ్యేదాకా వాయిదా అని ప్రకటించారు, కొందరు పాటించారు, కొందరు పాటించలేదు, కొన్ని రోజులకే వెనక్కి తీసుకున్నారు. ఆ రోజుల్లో బేరూట్‌లో పెద్దమ్మకి శిష్యులుంటే క్లాసు ఎన్నింటికని ఎవరు చెప్పగలిగేవారు?

కొత్త పద్ధతి:
1. జరగబోయే క్లాసులకి నియమం దాచాలి: ఏ వారం, ఎన్ని గంటలకి, ఏ జోన్.
2. అసలు క్షణాలని రాబోయే 14 రోజులకి మాత్రమే లెక్కకట్టాలి. రోజూ ఒకసారి చెరిపి మళ్లీ కట్టాలి.
3. జరిగిపోయిన క్లాసులని యూటీసీలో దాచాలి. గడిచిన క్షణం ఇక మారదు. ఫీజు లెక్కకి ఇవే.

ఇప్పటిదాకా: పని 17 గంటలు. తప్పిన క్లాసులు 3. టెస్టులు 9.

దశ 4: గడియారం ఎవరిది (ఏప్రిల్ మొదటి వారం)

నియమంలో "ఏ జోన్" అని రాయడానికి వచ్చేసరికి ఆగిపోయాను. డాలస్ పాప క్లాసు ఆమె గడియారంలో సాయంత్రం ఏడా, పెద్దమ్మ గడియారంలో పొద్దున్న అయిదున్నరా? మార్చికి ముందు రెండూ ఒకటే అనిపించేవి. ఏ ఒక్కటి పెట్టినా ఏడాదికి రెండుసార్లు రెండోది కదులుతుంది. ఇది ప్రోగ్రాం తేల్చే విషయం కాదు. వెళ్లి అడిగాను.

"పెద్దమ్మా, టైమ్ మారినప్పుడు ఎవరు జరగాలి? నువ్వా, వాళ్లా?"

"ఏటే ఆ ప్రశ్న. కచేరీలో ఫిడేలు ఎవరి శ్రుతికి సర్దుకుంటాది? పాడేవాళ్ల శ్రుతికి. పిల్లలకి బడి ఉంటాది, ఈత ఉంటాది. నేనే సర్దుకుంటాను. ఆ సిడ్నీ పెద్దావిడ ఉంది చూడు, ఆవిడకి పగలంతా ఖాళీయే. ఆవిడ మాత్రం నా టైముకే వస్తాది."

టేబుల్లో ఆ గడికి "శ్రుతి" అనే పేరు పెట్టాను. 19 మంది గురించీ ఒక్కొక్కరినీ అడిగి నింపాం. విద్యార్థి గడియారం పట్టుకున్నవి 12, పెద్దమ్మ గడియారం పట్టుకున్నవి 7. ఆ ఏడులో దుబాయ్ ఇద్దరూ ఇక్కడి నలుగురూ ఉన్నారు. వాళ్ల గడియారాలు ఏడాది పొడుగునా కదలవు కాబట్టి అక్కడ ఎలా రాసినా ఒకటే. అసలు తేడా తెచ్చినది సిడ్నీ ఆవిడ ఒక్కరే.

అది వెంటనే పరీక్షకి వచ్చింది. దక్షిణార్ధగోళంలో ఇదంతా తలకిందులు. సిడ్నీలో ఏప్రిల్ మొదటి ఆదివారం గంట వెనక్కి వెళ్తుంది, అక్టోబర్ మొదటి ఆదివారం ముందుకి వస్తుంది. ఏప్రిల్ 6 నుంచి ఆవిడకి మన 12:30 సాయంత్రం ఆరు కాకుండా అయిదు అవుతుంది. ప్రోగ్రాం వారం ముందే మెసేజ్ పంపింది: "మీ క్లాసు వచ్చే వారం నుంచి సిడ్నీ సమయం సాయంత్రం 5:00కి. విజయనగరంలో మార్పు లేదు." ఆవిడ సరిగ్గా అయిదుకి వచ్చారు. మొదటిసారి ఒక మార్పు ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా దాటింది.

మెసేజ్‌లలో జోన్ పొట్టి అక్షరాలు పెట్టడం కూడా అప్పుడే మానేశాను. ఐఎస్‌టీ అంటే మనకి ఇండియా. ఐర్లాండ్‌లోనూ ఇజ్రాయెల్‌లోనూ అవే మూడక్షరాలు వాడతారు. సీఎస్‌టీ అంటే అమెరికా నడిమధ్య, చైనా కూడా. "డాలస్ సమయం" అని రాస్తే ఎవరూ తికమకపడరు.

నియమాలకి "ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా" అని రెండు గడులు కూడా కలిపాను. వేసవి సెలవులకి డాలస్ పిల్ల తాతగారింటికి వస్తే ఆరు వారాలు ఆమె జోన్ కోల్‌కతా. పాత నియమానికి ఆఖరి తేదీ వేసి కొత్తది రాస్తే చాలు, దేన్నీ చెరపక్కర్లేదు.

ఇప్పటిదాకా: పని 22 గంటలు. తప్పిన క్లాసులు 3. టెస్టులు 13.

దశ 5: రాబోయే ఏడాదిని ముందే నడిపి చూడటం (మే)

ఏప్రిల్‌లో చేరిన ఫీనిక్స్ బాబుకి మన మంగళవారం పొద్దున్న 6:30 ఖాళీ ఉందని ప్రోగ్రామే చూపించింది. అది వాళ్ల సోమవారం సాయంత్రం 6:00. అరిజోనాలో నవాహో ప్రాంతం తప్ప డేలైట్ సేవింగ్ లేదు. ఫీనిక్స్ ఏడాదంతా కదలదు. డాలస్ కదులుతుంది. ఇద్దరూ అమెరికా పిల్లలే కదా, జరిగితే ఇద్దరూ కలిసే జరుగుతారని పెద్దమ్మ అనుకుంది. నాకు ఎందుకో అనుమానం వచ్చి, ఏడాది మొత్తాన్ని కాగితం మీద నడిపినట్టు నడిపి చూశాను.

1. ఈ రోజు నుంచి 400 రోజులు తీసుకోవాలి.
2. ప్రతి నియమానికీ, శ్రుతి ఎవరిదో వాళ్ల జోన్‌లో, క్లాసు మొదలూ ముగింపూ కట్టాలి. క్లాసు 45 నిమిషాలు.
3. అన్నిటినీ యూటీసీకి మార్చి వరసలో పేర్చాలి.
4. ఒక క్లాసు ముగియకముందే ఇంకోటి మొదలైతే రెంటినీ పక్కకి తీయాలి.
5. అలా తీసినవాటిని విజయనగరం సమయంలో అచ్చు వేయాలి.

వెయ్యికి పైగా క్లాసులు లెక్కకట్టడానికి ఒక సెకను కూడా పట్టలేదు. గుద్దుకున్నవి 22.

వాటిలో 18 డాలస్, ఫీనిక్స్‌లవే. నవంబర్‌లో డాలస్ సోమవారం ఏడు గంటల క్లాసు మనకి 5:30 నుంచి 6:30కి జరిగి, సరిగ్గా ఫీనిక్స్ బాబు మీదకి వచ్చి కూర్చుంటుంది. నవంబర్ 4 నుంచి 2026 మార్చి 3 దాకా ప్రతి మంగళవారం ఇదే పరిస్థితి.

మిగతా నాలుగూ మొదట అర్థం కాలేదు. 2025 నవంబర్ 1. 2026 మార్చి 14, 21, 28. అన్నీ శనివారాలే, లండన్‌కీ న్యూజెర్సీకీ మధ్య. లండన్ పిల్ల క్లాసు వాళ్ల మధ్యాహ్నం 2:00, న్యూజెర్సీ పిల్లది వాళ్ల పొద్దున్న 10:00. మామూలు రోజుల్లో లండన్ మనకి గంట ముందు, న్యూజెర్సీ దాని వెనకాల. ఇద్దరూ జరుగుతారు, కానీ ఒకే రోజు జరగరు. మార్చిలో అమెరికా ఏడుని బట్టి రెండో మూడో వారాలు ముందు జరుగుతుంది. శరత్కాలంలో యూరప్ అక్టోబర్ చివరి ఆదివారమే వెనక్కి వెళ్తుంది, అమెరికా ఇంకో వారం ఆగుతుంది. ఆ మధ్యలో ఇద్దరికీ మన 7:30.

కాగితం పట్టుకెళ్లి పెద్దమ్మకి చూపించాను. తను లేచి, బీరువాలోంచి పోయినేటి డైరీ తెచ్చింది. 2024 మార్చి 16, 23, 30 శనివారాల్లో లండన్ పేరు పెన్సిల్‌తో కొట్టేసి ఉంది. "ప్రతి ఏడూ మార్చిలో ఆ రెండు మూడు వారాలూ ఏదో అవుతాది. ఒంట్లో బాగోలేదని చెప్పేసేదాన్ని. ఈ ఏడూ అంతే చెప్పాను" అంది. ఎన్నేళ్లుగానో తన తప్పే అనుకుంటూ వచ్చింది. అక్కడెక్కడో రెండు ఖండాలు వేర్వేరు వారాల్లో గడియారం తిప్పుకుంటున్నాయని, పొరపాటు తనది కాదని ఆ కాగితం చెప్పింది. ఈ ప్రాజెక్టులో నేను రాసినవాటన్నిటిలోకీ నాకు విలువైనది ఈ పాతిక వరసలే.

సర్దుబాటు: ఫీనిక్స్ బాబుకి రెండు నియమాలు. చలికాలంలో వాళ్ల సాయంత్రం 5:00, అంటే డాలస్ ఖాళీ చేసిన మన 5:30. మిగతా నెలల్లో 6:00. వాళ్ల ఊళ్లో గడియారం మారకపోయినా క్లాసు ఎందుకు మారుతోందో తండ్రికి ఫోన్‌లో చెబితే వెంటనే ఒప్పుకున్నారు.

ఇప్పటిదాకా: పని 30 గంటలు. తప్పిన క్లాసులు 3. ముందే దొరికిన గుద్దుకోవడాలు 22. టెస్టులు 19.

దశ 6: చిన్నవి, త్వరగా (జూన్, జులై)

రోజువారీ లెక్కని సర్వర్‌లో క్రాన్‌కి (చెప్పిన వేళకి ప్రోగ్రాం నడిపే సాధనం) 00:05కి పెట్టాను. సర్వర్ యూటీసీలో ఉంటుంది, ఆ 00:05 మనకి 5:35. అంటే 5:30 క్లాసు మొదలయ్యాక ఆ రోజు జాబితా తయారవుతోంది. 14 రోజులు ముందే ఉండబట్టి పెద్దమ్మదాకా రాలేదు. ఇప్పుడు క్రాన్ అయిదు నిమిషాలకోసారి లేచి, పంపాల్సినవి ఏవైనా ఉన్నాయా అని టేబుల్‌ని అడుగుతుంది. క్రాన్‌లో ఏ ఊరి టైమూ లేదు.

తల్లిదండ్రుల పేజీలో సెలవు తేదీ అమెరికా వాళ్లకి ఒక రోజు ముందు కనిపించింది. బ్రౌజర్‌లో నడిచే భాష జావాస్క్రిప్ట్‌కి తేదీ ఒక్కటే ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రి అనుకుంటుంది. డాలస్‌లో అప్పటికి ముందు రోజు సాయంత్రమే. తేదీని మూడు అంకెలుగా విడగొట్టి ఇచ్చాను.

పెద్దమ్మ క్రోమ్ బ్రౌజర్ తన జోన్ ఏషియా/కలకత్తా అంటోంది. పాత పేరు. డేటాబేస్‌లో అదీ చెల్లుతుంది గానీ, "టీచర్ జోనా కాదా" అని నేను అక్షరాలు పోల్చి చూస్తున్నాను. పేర్లు పోల్చడం తీసేశాను.

ఇప్పటిదాకా: పని 34 గంటలు. తప్పిన క్లాసులు 3. టెస్టులు 22.

దశ 7: సిరిమాను రోజు ఏ రోజు (అక్టోబర్ 7)

దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు క్లాసుల్లేవు, ఊళ్లో ఎవరికీ ఇంకో పని ఉండదు. సెలవుల టేబుల్లో అక్టోబర్ 7 అని వేశాను. ప్రోగ్రాం ఆ తేదీని క్లాసు తేదీతో పోల్చింది. కానీ దశ 4 తర్వాత క్లాసు తేదీ ఎవరి శ్రుతి అయితే వాళ్ల ఊరిది.

మన మంగళవారం పొద్దున్న వాళ్లకి సోమవారం సాయంత్రం, అక్టోబర్ 6. కాబట్టి డాలస్ పాపకీ ఫీనిక్స్ బాబుకీ "క్లాసు ఉంది" అని మెసేజ్ వెళ్లింది. ఇద్దరూ కూర్చున్నారు. పెద్దమ్మ అప్పటికే పసుపు కుంకుమ బుట్ట సర్దుకుని గుడికి వెళ్లే తొందరలో ఉంది. డాలస్‌లో మంగళవారం ఎనిమిదింటి క్లాసు మనకి బుధవారం పొద్దున్న. అది జరగాల్సింది, రద్దయిపోయింది. ఒక్క తప్పు రెండు వైపులా కోసింది.

మార్పు: సెలవుకి కూడా ఒక జోన్ ఉండాలి. సిరిమాను సెలవంటే విజయనగరంలో 7వ తేదీ అర్ధరాత్రి నుంచి 8వ తేదీ అర్ధరాత్రి దాకా ఉన్న కాలం. దాన్ని యూటీసీకి మార్చి, క్లాసు మొదలయ్యే క్షణం అందులో పడితే రద్దు. డాలస్ పిల్ల బడి సెలవులకి షికాగో జోన్, అదే లెక్క.

ఇప్పటిదాకా: పని 38 గంటలు. తప్పిన క్లాసులు 4. టెస్టులు 25.

దశ 8: నవంబర్ 2

దీనికి ముందు రెండు వారాలు టెస్టులు రాశాను. రెండు రకాల టైములు కావాలని పరీక్షించాను. లేని టైము: షికాగోలో 2025 మార్చి 9 రాత్రి 2:30. ఆ రోజు గడియారం 2:00 నుంచి నేరుగా 3:00కి వెళ్లింది. జోన్‌ఇన్ఫో దీనికి తప్పని చెప్పదు, ఊరుకుంటుంది. యూటీసీకి మార్చి మళ్లీ వెనక్కి తెస్తే 3:30 అని వస్తుంది. వెళ్లిన టైమూ తిరిగొచ్చిన టైమూ కలవకపోతే అది లేని టైము అని పట్టుకుంటున్నాను. రెండుసార్లు వచ్చే టైము: నవంబర్ 2 రాత్రి 1:30. మొదటిది మన మధ్యాహ్నం 12:00, రెండోది 1:00. ఫోల్డ్ అనే గుర్తు 0 ఇస్తే మొదటిది, 1 ఇస్తే రెండోది. ఆ వేళప్పుడు ఎవరూ ఫిడేలు నేర్చుకోరు. అయినా టెస్టులు ఉంచాను, ఎందుకంటే ఈ కోడ్ ఇంకెవరో ఆసుపత్రి డ్యూటీల జాబితాకి వాడుకోవచ్చు.

నిజంగా తగిలినది వేరే. ఆదివారం పొద్దున్న 9:00 డాలస్ క్లాసుకి "12 గంటల ముందు" ఒక మెసేజ్ ఉంది. నవంబర్ 2 క్లాసుకి పైథాన్‌లో 12 గంటలు తీసేస్తే శనివారం రాత్రి 9:00 వచ్చింది. అక్కడి నుంచి క్లాసుకి నిజంగా 13 గంటలు. ఒకే జోన్‌లో ఉన్న రెండు టైముల మధ్య కూడినా తీసినా పైథాన్ గోడ గడియారాన్నే చూస్తుంది, మధ్యలో గంట కలిసినా పోయినా పట్టించుకోదు. యూటీసీలో తీస్తే రాత్రి 10:00. ఏది కావాలి? పెద్దమ్మ కోరింది "ముందు రోజు రాత్రి తొమ్మిదికి గుర్తు చెయ్యి" అని. దాన్ని 12 గంటలుగా మార్చుకున్నది నేనే. ఆ మెసేజ్‌ని ముందు రోజు 9:00 అనే రాశాను. 15 నిమిషాల ముందుది మాత్రం యూటీసీలోనే తీస్తున్నాను.

నవంబర్ 3, సోమవారం. 6:00కే పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. 6:15కి తన ఫోన్ మోగింది. 6:30కి కాల్. రెండో రింగుకి ఎత్తారు, పాప ఫిడేలు భుజాన పెట్టుకునే ఉంది. ఆ వారం అమెరికా క్లాసులు 8, అన్నీ టైముకే. మంగళవారం 5:30కి ఫీనిక్స్, 6:30కి డాలస్, మధ్యలో పెద్దమ్మకి కాఫీకి పావుగంట.

మొత్తం: పని 44 గంటలు. తప్పిన క్లాసులు 4, అన్నీ అక్టోబర్ 8 లోపువే. టెస్టులు 31.

మిగిలిన పని: లండన్ తల్లితో మాట్లాడాను. 2026 మార్చి 14, 21, 28, అక్టోబర్ 31 శనివారాలకి వాళ్ల మధ్యాహ్నం 1:00 అని, అంటే మన సాయంత్రం 6:30 అని, నాలుగు విడి నియమాలు ఇప్పుడే వేశాను. 400 రోజుల పరీక్ష మళ్లీ నడిపాను. గుద్దుకున్నవి 0. పెద్దమ్మ కొత్త డైరీలో ఆ నాలుగు పేజీలూ తీసి, లండన్ పేరు ఈసారి పెన్‌తో రాసుకుంది.